గ్రామసభ గూడెంలోనే కూర్చోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం, వస్తే పత్రికల్లో థింసా ఫొటోలు, కొమ్ముకోయ నృత్యాలు, మంత్రుల శుభాకాంక్షలు నిండిపోతాయి. పండగ పండగే, తప్పు పట్టడం లేదు. ఆ రోజు వేదికల మీద వినిపించే ‘స్వయం నిర్ణయాధికారం’ అన్న పెద్ద మాట మన ఏజెన్సీలో ఏ కాగితం మీద, ఎంతమంది కూర్చుంటే, ఎవరి సంతకంతో అమలవుతుందో చెప్పే వార్త మాత్రం అరుదు. ఐక్యరాజ్యసమితి 2007లో ఆదివాసీ హక్కుల ప్రకటన తెచ్చినప్పుడు మన దేశం అనుకూలంగా ఓటేసింది. అంతకు పదకొండేళ్ల ముందే, 1996లో, మన పార్లమెంటు పీసా చట్టం (పంచాయతీరాజ్‌ను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించే చట్టం) చేసింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. చట్టాలకు కొదవ లేదు. (పీసాకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిబంధనలు రావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చిందనుకోండి, అది వేరే కథ.) పని ఆగుతున్నది చాలా కింద, గ్రామసభ మినిట్స్ పుస్తకం దగ్గర. ఆ పుస్తకాలతో, హక్కుల దరఖాస్తులతో రోజూ పనిపడేవాళ్లం కనుక ఆ కింది సంగతులే రాస్తున్నాం.

తిరకాసు ‘గ్రామం’ అన్న మాటలోనే మొదలవుతుంది. పీసా సెక్షన్ 4(బి) ప్రకారం గ్రామమంటే పంచాయతీ కాదు, రెవెన్యూ గ్రామమూ కాదు. తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చక్కబెట్టుకునే ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాల కూడిక. వాడుకలో చెప్పాలంటే గూడెం, గోండుల గూడ, చెంచుల పెంట. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ హక్కుల చట్టం కూడా ఇదే నిర్వచనాన్ని తీసుకుంది. అయినా సభ జరిగేది పంచాయతీ కేంద్రంలో, అధికారి జీపు వెళ్లగలిగిన చోట.

ఇది మర్యాద సంగతి కాదు, లెక్క సంగతి. 2012లో సవరించిన అటవీ హక్కుల నిబంధనల ప్రకారం కోరానికి, అంటే సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరుకు, గ్రామసభ సభ్యుల్లో సగం మందికి తగ్గకూడదు. వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. క్లెయిముల (హక్కు దరఖాస్తుల) మీద తీర్మానం చేసే రోజైతే దరఖాస్తుదారుల్లో లేదా వారి ప్రతినిధుల్లో సగం మందైనా కూర్చోవాలి. పెద్దవాళ్లు 120 మంది ఉన్న గూడెంలో 60 మంది వస్తే చాలు, అందులో 20 మంది ఆడవాళ్లు. పొద్దున్నే పనుల్లోకి పోకముందు చింతచెట్టు కింద ఆ సభ జరిగిపోతుంది. అదే పన్నెండు గూడేల పంచాయతీకి, 1,800 మందికి, ఒకే సభ అన్నారనుకోండి, 900 మంది ఒక రోజు కూలి వదులుకుని కొండ దిగాలి. రారు, రాలేరు. అప్పుడు జనానికి బదులు రిజిస్టరే గూడేలు తిరుగుతుంది, వేలిముద్రలు పోగుచేసుకుంటుంది. రేపు ఎవరైనా ఆ తీర్మానాన్ని సవాలు చేస్తే మొదట కూలేది కోరమే. దొంగ సంతకాలు ఎవరో దుర్మార్గుల వల్లే వస్తాయని అనుకుంటాం. చాలాసార్లు అవి తప్పు సైజు సభ వల్ల వస్తాయి.

క్లెయిములు పరిశీలించే అటవీ హక్కుల కమిటీని ఎన్నుకునేదీ ఈ సభే. సభ్యులు 10 నుంచి 15 మంది. వారిలో మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతు మహిళలు ఉండాలి. పన్నెండుగురి కమిటీ అయితే ఎనిమిది మంది గిరిజనులు, నలుగురు మహిళలు తప్పనిసరి. కమిటీ సభ్యుడి సొంత క్లెయిము పరిశీలనకు వచ్చిన రోజు అతను పక్కకు తప్పుకోవాలి, ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి. చాలామంది మరచిపోయే వాక్యం ఇది. ఒక్క వాక్యం లేక మొత్తం జాబితా మీద అనుమానం వస్తుంది.

మినిట్స్ రాసే పద్ధతి గురించి కొంచెం ఓపికగా చెప్పనివ్వండి. గూడెంలో మొత్తం పెద్దవాళ్లు ఎందరు, వచ్చింది ఎందరు, అందులో మహిళలు ఎందరు అన్నది మొదటి మూడు వరుసల్లోనే పడాలి. తీర్మానాన్ని తెలుగులో రాసి, కువిలోనో కోయలోనో గోండీలోనో చదివి వినిపించినట్టు రాయాలి. ఒక్కో క్లెయిముకు పేరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, చూపిన ఆధారాలు విడివిడిగా ఉండాలి. ‘జాబితా జతచేయడమైనది’ అని ముగిస్తే ఆ జాబితా ఏదో ఒక రోజు మారిపోతుంది. తీర్మానం చివరి అక్షరానికి, మొదటి సంతకానికి మధ్య ఖాళీ వదలకూడదు, వదిలితే అడ్డగీత కొట్టాలి. ఆ ఖాళీలోనే తర్వాత ఎవరికో కంకర క్వారీ పుట్టుకొస్తుంది. అసలు పుస్తకం గూడెంలో ఉండాలి, పై ఆఫీసుకు పోయేది నకలు. ఇక్కడ తలకిందులుగా జరుగుతోంది: పుస్తకం పంచాయతీ కార్యదర్శి బీరువాలో, నకలు ఎవరి దగ్గరా లేదు.

ఆధారాల విషయంలో చట్టం మనవాళ్లు భయపడేంత కఠినమైనది కాదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి స్వాధీనంలో ఉండాలి. దానికి ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు చూపాలి. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు ఉంటే మంచిదే. లేకపోయినా పొలంలో కట్టిన గట్టు, చదును చేసిన మడి, పాత బావి, శ్మశానం, దేవత గద్దె పనికొస్తాయి. దరఖాస్తుదారు కాని ఊరి పెద్ద చెప్పిన మాటను రాసి సంతకం తీసుకున్నా అది ఆధారమే. ఫలానా కాగితమే తెమ్మని పై కమిటీలు పట్టుపట్టకూడదని నిబంధనల్లోనే ఉంది. ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని కూడా ఉంది.

అయినా ‘2005 ఉపగ్రహ చిత్రంలో సాగు కనిపించలేదు’ అన్న ఒక్క ముక్కతో తిరస్కరించడం చూస్తూనే ఉన్నాం. పోడు అంటే ఏమిటో తెలిసినవారు అలా రాయరు. కొంత చెక్క (నేల ముక్క) దున్నుతారు, కొంత బీడు వదులుతారు, రెండు మూడేళ్లకు మారుస్తారు. బీడు వదిలిన చెక్క పైనుంచి చూస్తే పొదలే. పాడేరు వైపు కాఫీ తోట అయితే మరీ అన్యాయం. కాఫీ పెరిగేది సిల్వర్ ఓక్ నీడలో, పైనుంచి కనపడేది ఆ చెట్ల తలలే. చెట్టు పెంచిన పాపానికి సాగు లేదనిపించుకోవడమన్నమాట! ఇలాంటి చోట కమిటీ చేయాల్సిన పని ఒకటుంది. బీడుతో సహా మొత్తం చెక్కల చుట్టూ నడిచి కొలవాలి. ఏ చెక్క ఏ సంవత్సరం దున్నారో ఇద్దరు పెద్దల వాంగ్మూలంతో పట్టికగా రాసి జతచేయాలి. ఆ పట్టిక ఉన్న ఫైలును ఒక్క ముక్కతో కొట్టేయడం కష్టం.

కొలతలోనూ మోసం లేకుండానే నష్టం జరుగుతుంది. అర ఎకరం చదరపు మడి అంటే సుమారు 45 మీటర్ల భుజం. సెల్‌ఫోన్ జీపీఎస్ చెట్ల కింద కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది. చుట్టూ 5 మీటర్లు లోపలికి జరిగితే 50 సెంట్లు కాస్తా 30 సెంట్లవుతుంది. వాలు సంగతి ఇంకొకటి. 30 డిగ్రీల వాలు మీద నేలను అంటి గొలుసుతో కొలిస్తే ఎకరం తేలే పొలం, జీపీఎస్‌లో 87 సెంట్లే చూపుతుంది, ఎందుకంటే అది కొలిచేది బల్లపరుపు నీడను. రైతు చెప్పిన దానికి, యాప్ చెప్పిన దానికి తేడా రాగానే ‘ఎక్కువ చెప్పాడు’ అని రాసేస్తారు. రెండు కొలతలూ రాసి, వాలు ఎంతో కూడా రాస్తే ఆ మాట రాదు. ఎకరాలు, హెక్టార్ల గడులు తారుమారు కావడం మరో జబ్బు. హెక్టారంటే 2.47 ఎకరాలు. వ్యక్తిగత హక్కుకు గరిష్ఠ పరిమితి 4 హెక్టార్లు, అంటే పదెకరాలకు కాస్త తక్కువ. పట్టా భార్యాభర్తలిద్దరి పేర ఉండాలి. వారసులకు వస్తుంది, అమ్మడానికి కుదరదు. భార్య పేరు లేని పట్టా చేతికొస్తే వెంటనే సవరణ అడగాలి.

పరిశీలన రోజు అటవీ, రెవెన్యూ సిబ్బంది రావాలి. హోదా, తేదీ, అభిప్రాయం రాసి సంతకం చేయాలి. రాకపోతే? వారు లేరన్న కారణంతో ఆ శాఖ తర్వాత అభ్యంతరం పెడితే ఫైలు మళ్లీ గ్రామసభకు వస్తుంది, మరోసారి పిలుస్తారు. అప్పుడూ రాకపోతే పరిశీలనలో గ్రామసభ తేల్చిందే ఖాయం. ఈ నిబంధన కమిటీలకు వజ్రాయుధం. కానీ రెండుసార్లూ పిలిచినట్టు రుజువుండాలి. నోటీసు నకలు మీద తేదీతో అందినట్టు సంతకం తీసుకోవాలి. ఫోన్ చేసి చెప్పాం అంటే చెల్లదు.

తిరస్కరిస్తే ఆ సంగతి దరఖాస్తుదారుకు స్వయంగా తెలపాలి, కారణాలు విడమరచి రాయాలి. తెలిసిన నాటి నుంచి 60 రోజుల్లో పై కమిటీకి వెళ్లవచ్చు, తగిన కారణముంటే మరో 30 రోజులు. గ్రామసభ కాదంటే సబ్ డివిజన్ కమిటీకి, అది కాదంటే కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి. దరఖాస్తుదారు మాట వినకుండా అప్పీలు మూసేయకూడదు. 2019 ఫిబ్రవరి 13న తిరస్కృత క్లెయిముదారులను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెల 28న నిలుపుదల చేసినప్పుడు రాష్ట్రాలను అడిగిన ప్రశ్న ఇదే: తిరస్కరణల్లో పద్ధతి పాటించారా? తిరస్కరణ కాగితం చేతికి అందని మనిషికి 60 రోజులు ఎప్పుడు మొదలైనట్టు? మన మండలాల్లో ఎంతమందికి ఆ కాగితం అందిందో అధికారులు చెబితే బాగుంటుంది.

ఇంతకీ పోడు పట్టా చర్చంతా వ్యక్తిగత భూమి చుట్టూనే తిరుగుతోంది. తెలంగాణలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి సుమారు 4 లక్షల ఎకరాలకు పట్టాలిచ్చారు. సంతోషం. అయితే ఆ ఎకరాల అవతల ఉన్న అడవి ఎవరిది? చట్టంలో అసలు బలం అక్కడుంది. సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం గూడెం ఆచారంగా వాడుకునే అడవి మొత్తాన్ని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు గ్రామసభది. దాన్ని సామాజిక అటవీ వనరు అంటారు. రిజర్వు ఫారెస్టయినా, అభయారణ్యమైనా, నేషనల్ పార్కయినా అందులోకి వస్తుంది. వ్యక్తిగత క్లెయిముకు ఫారం-ఎ, సామాజిక వాడకాలకు ఫారం-బి, ఈ అడవికి ఫారం-సి. ఫారం-ఎ అంటే అందరికీ తెలుసు. ఫారం-సి అంటే ఆఫీసుల్లోనే కొందరు తెల్లమొహం వేస్తారు. అటవీ నివాసులున్న ప్రతి ఊరికీ ఈ హక్కు గుర్తింపు జరిగేలా జిల్లా కమిటీ చూడాలి, జరగకపోతే కారణం రాసిపెట్టాలి. 2012 నుంచి ఉన్న నిబంధన ఇది.

ఫారం-సికి పటం గీయడమే కష్టమైన పని, అందమైన పని కూడా. ముందు నేల మీద ముగ్గుపిండితో పెద్దలు గీస్తారు: వాగు, ఊట, కొండ, దేవత చెట్టు, తేనె బండ, పశువులు తోలే దారి. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి మరో పటం గీయించాలి. అడ్డాకు, కొండచీపుర్లు, దుంపలు ఎక్కడ దొరుకుతాయో మగవాళ్ల పటంలో సగం ఉండదు. తర్వాత హద్దుల వెంట నడక. హద్దు ఏ ఊరితో కలుస్తుందో ఆ ఊరివాళ్లను ముందే రాతపూర్వకంగా పిలవాలి, నడక రోజున వాళ్ల సంతకం కూడా కావాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత రెండు గూడేలు కొట్టుకుంటాయి, ఫైలు మూలపడుతుంది. తగాదా వస్తే రెండు కమిటీలు కలిసి కూర్చుని తేల్చుకోవాలి. ఒకే అడవిని రెండు ఊళ్లు వాడుకుంటుంటే ఉమ్మడిగా రాసుకోవచ్చు, గీత తప్పనిసరి కాదు. పటంలో అటవీ శాఖ కంపార్ట్‌మెంట్ల (అడవి ముక్కల) నంబర్లు వేసేది చివరన. ముందే వేస్తే అటవీ శాఖ గీతలే ఊరి హద్దులైపోతాయి.

పట్టా ఎవరి పేర వచ్చిందో చూసుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో తొలి రోజుల్లో సామాజిక పట్టాలు కొన్ని వన సంరక్షణ సమితుల పేర ఇచ్చారు. ఆ సమితి అటవీ శాఖ ఏర్పరచింది, చట్టం చెప్పింది గ్రామసభను. పేరు తప్పితే హక్కే తప్పినట్టు.

పట్టా వచ్చాక ఏముంటుందని అడిగేవారికి మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా చూపించవచ్చు. సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద ఆ గోండు గ్రామానికి 2009లో హక్కుపత్రం వచ్చింది. 2011లో వెదురు రవాణా పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికే ఇచ్చారు. ‘మావ నాటే మావ రాజ్’ (మా ఊళ్లో మా రాజ్యం) అని ఆదిలాబాద్ గూడేల్లోనూ అంటారు కదా, ఆ మాటకు రసీదు పుస్తకం రూపం అది. చట్టం వెదురు, తునికాకు, తేనె, దుంపలు అన్నిటినీ చిన్నతరహా అటవీ ఉత్పత్తులుగానే లెక్కేసింది. వాటి మీద రాయల్టీ, రుసుము ఉండవు. రవాణా పర్మిట్ ఇచ్చేది గ్రామసభ కమిటీ. మన దగ్గర ఈ పుస్తకం అచ్చు వేయించుకున్న గూడేలు ఎన్ని?

హక్కు వచ్చినంత మాత్రాన వెదురు దానంతటది డబ్బు కాదు. మూడేళ్లు దాటిన బొంగునే కోయాలి, కణుపుకు కాస్త పైన, నేలకు దగ్గరగా. పొదకు ఎనిమిది పది ముదురు బొంగులైనా వదలాలి. పిలకలు లేచే వానాకాలంలో కత్తి ముట్టకూడదు. కాంట్రాక్టరు అంచున ఉన్న లేత బొంగులు నరికి పోతాడు, ఎందుకంటే నడిమి ముదురు బొంగు లాగడం కష్టం. కొన్నేళ్లకు పొద ముద్దకట్టి చస్తుంది. ఈ నియమాలు నిర్వహణ ప్రణాళికలో రాసి, ఎవరు కాపలా, ఎవరు లెక్క అని పేర్లు పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతా గ్రామసభ పేరనే తెరవాలి. పంచాయతీ ఖాతాలో పడిన డబ్బు పన్నెండు గూడేల వీధి దీపాలకు పోతుంది, అడవి కాపాడిన గూడేనికి రాదు.

రోడ్డు లేక రోగులను డోలీల్లో మోసుకొచ్చే డోలీ మోతల గురించి మీ పత్రిక తరచు రాస్తోంది. దానికీ ఈ చట్టంలో దారి ఉంది, సెక్షన్ 3(2). రోడ్డు, బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, తాగునీటి పైపు, కరెంటు లైను వంటి 13 రకాల పనులకు గ్రామసభ సిఫార్సు చేస్తే అటవీ భూమి ఇవ్వవచ్చు. ఒక్కో పనికి హెక్టారులోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. రోడ్డు వేసే శాఖ ప్రతిపాదన, గ్రామసభ తీర్మానం, రేంజ్ అధికారి స్థల పరిశీలన, డివిజన్ అటవీ అధికారి (డీఎఫ్‌వో) అంగీకారం, ఇదీ వరస. ఎక్కడ చెడుతుందంటే వెడల్పు దగ్గర. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. 6 మీటర్ల వెడల్పున పోతే 1,666 మీటర్లకే అది అయిపోతుంది. 3.75 మీటర్లకు కుదిస్తే 2.6 కిలోమీటర్లు దాటుతుంది. పైగా లెక్కలోకి వచ్చేది అడవిలో పోయే ముక్క మాత్రమే, పట్టా భూముల్లో పోయేది కాదు. ఇంజినీరు మైదానం కొలతలతో అంచనా వేస్తే హెక్టారు దాటి ఫైలు అటవీ సంరక్షణ చట్టం అనుమతులకు పోతుంది, ఇక ఏళ్లు పడుతుంది. తీర్మానం చేసే రోజునే వెడల్పు, అటవీ ముక్క పొడవు, చెట్ల సంఖ్య గ్రామసభలో రాయించుకోవడం ఉత్తమం.

గనుల సంగతి క్లుప్తంగా. చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫార్సు ముందే ఉండాలని పీసా అంటుంది. ఈ ‘లేదా’లోంచే చాలా క్వారీలు దూరాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం సైతం గిరిజనేతరులకు భూమి లీజుకివ్వలేదని 1997లో సమతా తీర్పు చెప్పింది. 2013లో సుప్రీంకోర్టు అడగమంటే ఒడిశాలోని నియమగిరి చుట్టూ 12 గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ బాక్సైట్ వద్దన్నాయి. గమనించాల్సింది ఏమిటంటే ఆ సభలు పల్లెల్లో జరిగాయి, మండల కేంద్రంలో కాదు.

షెడ్యూలులో చేరని గిరిజన పల్లెలకు పీసా, గిరిజన భూముల బదలాయింపును అడ్డుకునే 1/70 చట్టం వర్తించవు కనుక తమకేమీ లేదనుకుంటారు. అది పొరపాటు. అటవీ హక్కుల చట్టానికి షెడ్యూలుతో పని లేదు, అడవి మీద బతికే ఊరు ఎక్కడున్నా ఫారం-సి పెట్టవచ్చు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడిగేది మూడే. గ్రామసభలను ఆవాసాల వారీగా నోటిఫై చేసి ఆ జాబితా ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) గోడ మీద అతికించండి. తిరస్కరించిన ప్రతి క్లెయిముకూ కారణం రాసిన కాగితం చేతికిచ్చి సంతకం తీసుకోండి. ప్రతి గూడేనికీ ఫారం-సి ఖాళీ ప్రతులు, తెలుగులో, ఉచితంగా పంపండి. మీ విలేకరులు కూడా మండలానికి ఎన్ని ఫారం-సిలు వచ్చాయి, ఎన్ని హెక్టార్లకు పట్టా ఇచ్చారు, ఎవరి పేర ఇచ్చారు అని సబ్ డివిజన్ కమిటీలను అడిగి ఒక పట్టిక అచ్చువేయండి. మూడు గడుల పట్టికే, అర పేజీ కూడా పట్టదు.

ఇట్లు,
అటవీ హక్కుల దరఖాస్తుల పనిలో ఉన్న కొందరు,
అల్లూరి సీతారామరాజు జిల్లా